శాంక్షన్ అయితే సంతోషమా, భయమా?

‘ఇంటి లోను శాంక్షన్ అయింది’ అని బ్యాంకు నుంచి ఫోనొస్తే ఇల్లంతా సంబరం. అదే పూట టీవీ పెడితే, ఫలానా దేశం మీద అమెరికా శాంక్షన్లు విధించిందని వార్త. అక్కడ ఆ మాట వింటేనే జనానికి గుబులు. మాట ఒక్కటే. ఒకచోట ‘సరే, చేసుకో’ అంటోంది, ఇంకోచోట ‘చేస్తే ఊరుకోను’ అంటోంది.

ఇదెలా వచ్చిందో చెబుతాను, వినండి. లాటిన్‌లో ఈ మాట మూలానికి శాసనం చేయడం అని అర్థం. శాసనమన్నాక అది రెండు పనులూ చేస్తుంది: ఫలానాది చేయవచ్చని ఒప్పుకుంటుంది, హద్దు మీరితే శిక్ష ఇదీ అని చెబుతుంది. ఇంగ్లీషులోకి వచ్చేసరికి ఆ రెండు పనులూ ఒకే మాట నెత్తిన పడ్డాయి. మరి వినేవాళ్ళకు తికమక ఉండదా అంటే, దాదాపు ఉండదు. పక్కన లోను, సెలవు, నిధులు, పోస్టు లాంటి మాటలుంటే అది అనుమతి. పక్కన దేశమో, ఓడలో, ఆయుధాలో ఉంటే అది ఆంక్ష. చెవి ఆ పని తనంతట తానే చేసేస్తుంది, మనకు తెలియను కూడా తెలియదు.

పిల్లలు డిక్షనరీ పట్టుకొచ్చి ‘తాతయ్యా, ఈ క్రియకి అర్థం ఏమిటి?’ అని అడిగితే, ‘ఏ వాక్యంలోదిరా అది?’ అని నేను ముందు అడిగేది ఇందుకే. ‘డస్ట్’ అనే చిన్న క్రియ ఉంది. ‘డస్ట్ ద టేబుల్’ అంటే బల్ల మీది దుమ్ము తుడవమని. ‘డస్ట్ ద క్రాప్’ అంటే పంట మీద పొడిమందు చల్లమని. ఒకటి పొడిని తీసేయడం, ఇంకొకటి పొడిని వేయడం. ఈ రెంటినీ విడదీసి చెప్పే సూత్రం ఏ వ్యాకరణంలోనూ లేదు. బల్ల మీద ఎవరూ మందు చల్లరనీ, పొలానికి వెళ్ళి వరికంకుల దుమ్ము ఎవరూ తుడవరనీ మనకున్న లోకజ్ఞానమే ఇక్కడ అర్థం చెబుతోంది.

మాటను దాని సహవాసాన్ని బట్టి తెలుసుకోవాలని జె. ఆర్. ఫర్త్ అనే బ్రిటిష్ భాషాశాస్త్రవేత్త 1957లో రాశాడు. ఆయన లండన్ విశ్వవిద్యాలయంలో పేరు తెచ్చుకోకముందు, 1919 నుంచి 1928 దాకా లాహోర్‌లో, పంజాబ్ విశ్వవిద్యాలయంలో ఇంగ్లీషు ప్రొఫెసరుగా ఉన్నాడు. ఆయన ఆలోచనను చేతల్లో చూపించినవాడు జాన్ సింక్లెయిర్. బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో 1980 ప్రాంతాల్లో ఆయన బృందం పుస్తకాలూ పత్రికలూ ప్రసంగాలూ పోగుచేసి, 70 లక్షలకు పైగా మాటల్ని కంప్యూటర్లోకి ఎక్కించింది. ఒక క్రియను అడిగితే, అది వచ్చిన ప్రతి వాక్యాన్నీ యంత్రం వరసగా తెచ్చి చూపించేది. పండితుడి ఊహ మీద ఆధారపడకుండా, జనం నిజంగా ఎలా వాడుతున్నారో కళ్ళతో చూసి రాసిన నిఘంటువు అలా 1987లో వచ్చింది. దాని పేరు కోబిల్డ్. అందులో అర్థాలు పూర్తి వాక్యాల్లో ఉంటాయి. క్రియకు ముందు ఎవరొస్తారో, వెనక ఏమొస్తుందో ఆ వివరణలోనే కనబడుతుంది.

ఆ వరసలు చూస్తున్నప్పుడు సింక్లెయిర్‌కు ఒక సంగతి తట్టింది. ‘సెట్ ఇన్’ అని ఇంగ్లీషులో ఒక క్రియ. మొదలై పాతుకుపోవడం అని అర్థం. అప్పటిదాకా నిఘంటువులన్నీ అంతటితో సరిపెట్టాయి. కంప్యూటర్ తెచ్చిన వాక్యాల్లో సెట్ ఇన్ అయినవి ఏమిటయ్యా అంటే కుళ్ళు, నిరాశ, అంటురోగం, పాడు వాతావరణం. మంచిది సెట్ ఇన్ కావడం బహు అరుదు. ఈ క్రియ చెడ్డవాటితోనే తిరుగుతుందన్న సంగతి ఇంగ్లీషువాళ్ళందరి నాలుకకూ తెలుసు, ఒక్క పుస్తకంలోనూ లేదు!

తెలుగువాళ్ళం మనం దీన్ని ఇట్టే పట్టుకోగలం. ‘దాపురించు’ అన్న క్రియ చూడండి. కరువు దాపురిస్తుంది, దరిద్రం దాపురిస్తుంది, గడ్డుకాలం దాపురిస్తుంది. ‘మా అమ్మాయికి పెళ్ళి దాపురించింది’ అని ఎవరైనా అంటే శుభలేఖ పుచ్చుకున్నవాడు ఉలిక్కిపడతాడు. ‘వాటిల్లు’ అంతే, నష్టమే వాటిల్లుతుంది గానీ లాభం వాటిల్లదు. ‘వరించు’ అటువైపు మాట. పదవి వరిస్తుంది, అవార్డు వరిస్తుంది, జ్వరం వరించదు. ఇవన్నీ మనకు బడిలో ఎవరూ చెప్పలేదు. వేల వాక్యాలు వినగా వినగా ఆ సహవాసం మన లోపల గుర్తుండిపోయింది.

ఇంగ్లీషులో ‘కాజ్’ అనే క్రియ ఇలాంటిదే. పైకి చూస్తే కారణమవడం అని తటస్థమైన అర్థం. మైకేల్ స్టబ్స్ అనే పరిశోధకుడు 1995లో లక్షల వాక్యాలు వెతికి చూస్తే, కాజ్ అయ్యేవి ఎక్కువగా ప్రమాదాలు, నష్టాలు, కాన్సర్లు, చావులు. అందుకే ‘మై టీచర్ కాజ్డ్ మై సక్సెస్’ అని విద్యార్థి రాస్తే వ్యాకరణం తప్పు కాదు, చదివే ఇంగ్లీషువాడి చెవికి మాత్రం ఆ టీచరేదో అపచారం చేసినట్టు వినిపిస్తుంది. మన పిల్లలకు వ్యాకరణం నేర్పినంత శ్రద్ధగా ఈ సహవాసం నేర్పడం లేదన్నది నాకు చాలా కాలంగా ఉన్న బాధ.

ఎక్కువ అర్థాలున్న ఇంగ్లీషు క్రియ ఏదంటే, చాలాకాలం ‘సెట్’ అని చెప్పేవారు. ఆక్స్‌ఫర్డ్ పెద్ద నిఘంటువు కొత్త కూర్పు పనిలో పీటర్ గిల్లివర్ అనే సంపాదకుడు ‘రన్’ అనే క్రియ మీద తొమ్మిది నెలలు కూర్చున్నాడు. తేలిన అర్థాలు 645. ముక్కు రన్ అవుతుంది, కుళాయి రన్ అవుతుంది, బస్సు రన్ అవుతుంది, రంగు రన్ అవుతుంది, సినిమా వంద రోజులు రన్ అవుతుంది, హోటల్ రన్ చేస్తారు, కంప్యూటర్లో ప్రోగ్రామ్ రన్ చేస్తారు. వీటన్నిటికీ కాళ్ళతో పరిగెత్తడంతో ఏం పని? ఆగకుండా సాగిపోవడం అన్న ఒక్క ఊహ అన్నిటి కిందా పారుతోంది. తెలుగులో ఇందులో చాలావాటికి ‘నడుచు’ వాడతాం. బండి నడుస్తుంది, కొట్టు నడుపుతారు, సంసారం నడుస్తుంది, కేసు నడుస్తోంది. వాళ్ళు పరుగెత్తే చోట మనం నడుస్తాం. ఎన్నికల దగ్గర ఇంకో తమాషా. అమెరికాలో అభ్యర్థి ఎన్నికకు ‘రన్’ అవుతాడు, బ్రిటన్‌లో ‘స్టాండ్’ అవుతాడు, మన ఊళ్ళోనూ సర్పంచ్‌గా ‘నిలబడతాడు’.

సముద్రం దాటితే తలకిందులైపోయే క్రియ ఒకటుంది, ‘టేబుల్’. బ్రిటన్‌లో తీర్మానాన్ని టేబుల్ చేయడమంటే చర్చకు తీసుకురావడం. మన పార్లమెంటులో నివేదికలు టేబుల్ చేయడమూ ఆ దారిలోదే, సభ ముందు పెట్టడం. అమెరికాలో టేబుల్ చేయడమంటే చర్చను పక్కన పెట్టేయడం. రెండో ప్రపంచయుద్ధం నాటి ఒక సమావేశంలో బ్రిటిష్, అమెరికన్ అధికారులు ఈ క్రియ మీద చాలాసేపు వాదించుకున్నారని చర్చిల్ తన యుద్ధచరిత్రలో రాశాడు. తీరా చూస్తే ఇద్దరూ కోరుతున్నది ఆ విషయాన్ని వెంటనే చర్చించాలనే.

అర్థాల గుట్ట చూసి దిగులుపడేవాళ్ళకు నేనిచ్చే సలహా, క్రియ అడుగున ఉన్న చేతిపని ఏమిటో వెతకమని. ‘డిశ్చార్జ్’ చూడండి. ఆస్పత్రి నుంచి పేషెంటును డిశ్చార్జ్ చేస్తారు. సెల్‌ఫోన్ డిశ్చార్జ్ అవుతుంది. తుపాకీ డిశ్చార్జ్ అవుతుంది. పుండు నుంచి డిశ్చార్జ్ వస్తుంది. ఉద్యోగి విధులు డిశ్చార్జ్ చేస్తాడు, బాకీ డిశ్చార్జ్ అవుతుంది, ఓడ సరుకు డిశ్చార్జ్ చేస్తుంది. చివరిదే అసలైనది. ఈ మాట పాత ఫ్రెంచి నుంచి వచ్చింది, దాని వెనక లాటిన్‌లో బండికి ఉన్న పేరు దాగుంది. ఛార్జ్ అంటే బండికి బరువెత్తడం, డిశ్చార్జ్ అంటే ఆ బరువు దించడం. ఇక ఒక్కొక్కటే చూడండి. తుపాకీలో కూరిన మందు దిగింది, బ్యాటరీలో నింపిన విద్యుత్తు దిగింది, బాకీ బరువు దిగింది, ఆస్పత్రి తన మీదున్న బాధ్యత దించుకుంది. ఏడు అర్థాలు బట్టీ పట్టనక్కర్లేదు, ఒక బండిని కళ్ళముందు నిలుపుకుంటే చాలు.

అన్ని క్రియలూ ఇలా లొంగవు. ముఖ్యంగా చిన్న క్రియకు చిన్న తోక తగిలించినవి. ‘పుట్ ఆఫ్’ అంటే వాయిదా వేయడం, ‘పుట్ అవుట్’ అంటే మంట ఆర్పడం, ‘పుట్ అప్ విత్’ అంటే ఓర్చుకోవడం. విడివిడిగా ఏ ముక్క చూసినా ఓర్పు ఎక్కడా లేదు. డాక్టర్ జాన్సన్ 1755లో తన నిఘంటువు వేసినప్పుడే, పరాయివాళ్ళను అన్నిటికంటే ఎక్కువ ఇబ్బంది పెట్టేవి ఇవేనని పీఠికలో రాసుకున్నాడు. వీటికి ‘ఫ్రేజల్ వెర్బ్’ అన్న పేరు అచ్చులోకి వచ్చింది మాత్రం 1925లో, లోగన్ పియర్సల్ స్మిత్ పుస్తకంలో.

వీటిని చూసి తెలుగు పిల్లలు భయపడుతుంటే నాకు ఆశ్చర్యం. మన భాష నిండా ఇలాంటివే కదమ్మా! ‘చేసుకో’, ‘చేసిపెట్టు’, ‘చేసెయ్’, ‘చేసిపారేయ్’. చేసిపెట్టడంలో ఏదీ ఎక్కడా పెట్టడం లేదు, ఇంకొకరి మేలు కోసం చేయడం ఉంది. చేసుకోవడంలో కొనడం లేదు, తనకోసం చేయడం ఉంది. వాళ్ళు క్రియకు ‘అప్’, ‘ఆఫ్’ తగిలిస్తే మనం క్రియకు ఇంకో క్రియ తగిలిస్తాం. హైదరాబాద్‌లో తెలుగు నేర్చుకుంటున్న పరరాష్ట్రపు కుర్రాణ్ణి అడగండి, ‘కొట్టుకుపోవడం’ అంటే ఏమిటని. వరదలో గడ్డివాము కొట్టుకుపోవడంలో ఎవరు ఎవరిని కొట్టారో వాడికి ఎంతకీ అంతుపట్టదు.

ఇక్కడ నుంచి అసలు సంగతిలోకి వద్దాం. ‘పుట్ ఆఫ్’ అన్నా ‘పోస్ట్‌పోన్’ అన్నా పని ఒకటే. ‘ఫైండ్ అవుట్’, ‘డిస్కవర్’. ‘లుక్ ఇంటు’, ‘ఇన్వెస్టిగేట్’. మొదటివి ఇంటి మాటల్లా, రెండోవి ఆఫీసు మాటల్లా ఎందుకు వినిపిస్తాయి? చప్పుడులో ఏ గొప్పతనమూ లేదు. దీని వెనక దాదాపు వెయ్యేళ్ళ చరిత్ర ఉంది.

బావి తవ్వితే మట్టి పొరలు పొరలుగా కనబడుతుంది చూడండి, ఇంగ్లీషు క్రియలూ అలాగే పొరలుగా పేరుకున్నాయి. అన్నిటికంటే అడుగున ఆంగ్లో శాక్సన్లు 5వ శతాబ్దంలో తెచ్చిన జర్మానిక్ మాటలు. తినడం, తాగడం, అడగడం, చేయడం అన్నీ అక్కడివి. దాని పైన 8వ శతాబ్దం చివర్నుంచి వచ్చిపడ్డ వైకింగుల పొర. ‘టేక్’, ‘గెట్’, ‘కాల్’ వాళ్ళ మాటలే. ‘డై’ కూడా వాళ్ళదేనని చాలామంది పండితుల మాట. అంతకుముందు చనిపోవడానికి ఇంగ్లీషులో ఉన్న పాత క్రియల్లో ఒకటి ఇవాళ ‘స్టార్వ్’గా మిగిలి, తిండిలేక మాడడం అనే అర్థానికి కుదించుకుపోయింది. ఆ పైన 1066. నార్మండీ నుంచి విలియం వచ్చి, హేస్టింగ్స్ యుద్ధం గెలిచి, ఇంగ్లండు గద్దె ఎక్కాడు. కోటలోనూ కోర్టులోనూ ఫ్రెంచి, పొలంలోనూ వంటింట్లోనూ ఇంగ్లీషు. మూడు వందల ఏళ్ళు అలా నడిచింది. కోర్టుల్లో వాదనలు ఇంగ్లీషులో జరగాలని 1362లో చట్టం చేశారు, ఆ చట్టాన్ని కూడా ఫ్రెంచిలోనే రాశారు! అన్నిటికంటే పైన, పునరుజ్జీవన కాలపు పండితులు లాటిన్ నుంచి దింపిన పొర.

అందుకే ఒకే పనికి మూడేసి మాటలు. ‘ఆస్క్’ అడుగు పొర, ‘క్వశ్చన్’ ఫ్రెంచి పొర, ‘ఇంటరాగేట్’ లాటిన్ పొర. అమ్మ ఆస్క్ చేస్తుంది, విలేఖరి క్వశ్చన్ చేస్తాడు, పోలీసులు ఇంటరాగేట్ చేస్తారు. ‘రైజ్’, ‘మౌంట్’, ‘అసెండ్’ కూడా ఇదే వరస. పొద్దున్నే లేచే మనిషి రైజ్ అవుతాడు, రౌతు గుర్రాన్ని మౌంట్ చేస్తాడు, రాజు సింహాసనం అసెండ్ చేస్తాడు. ఏలినవాళ్ళ భాష కాబట్టి ఫ్రెంచి మాటకు హోదా, చదువుకున్నవాళ్ళ భాష కాబట్టి లాటిన్ మాటకు బరువు వచ్చాయి. కానీ బావిలో ఊట ఉండేది అడుగునే. రోజూ వాడే క్రియల్లో చాలాభాగం ఆ అడుగు పొరలవే. సంభాషణ, కథలు, వార్తలు, విద్యాగ్రంథాలు అని నాలుగు రకాల ఇంగ్లీషును పోల్చి 1999లో లాంగ్‌మన్ సంస్థ వేసిన పెద్ద వ్యాకరణంలో, ‘గెట్’ సంభాషణలో అడుగడుగునా కనబడి, విద్యాగ్రంథాల దగ్గరికి వచ్చేసరికి చాలా పలచబడిపోయింది.

తెలుగువాడికి ఇది కొత్త పాఠం కాదు. అడగడం మనది, ప్రశ్నించడం సంస్కృతం నుంచి తెచ్చుకున్నది. మొదలుపెట్టడం ఇంట్లో, ప్రారంభించడం సభలో, ఉపక్రమించడం గ్రంథంలో. ఏలినవాళ్ళ భాష కచేరీలో మిగిలిపోవడమూ మనకు అనుభవమే. మంజూరు చేయడం, రద్దు చేయడం, జప్తు చేయడం, జారీ చేయడం, దాఖలు చేయడం — సుల్తానులూ నవాబులూ పోయి ఎంత కాలమైనా, వాళ్ళ ఫారసీ మాటలు లేకుండా మన తహసీల్దారు కార్యాలయంలో కాగితం కదలదు. ఇంగ్లండులో ‘స్యూ’, ‘ప్లీడ్’, ‘అక్యూజ్’, ‘అరెస్ట్’ ఫ్రెంచి నుంచి అలాగే మిగిలాయి.

ఇంతవరకూ రెండు భాషలూ జంటగా నడిచాయి. ఇక్కడ విడిపోతాయి, మన పిల్లలు తడబడేదీ ఇక్కడే.

తెలుగులో బరువైన క్రియ చాలాసార్లు గౌరవమైన క్రియ కూడా. పెద్దాయన పోయారు, కన్నుమూశారు, కాలం చేశారు, పరమపదించారు అంటాం. ‘చచ్చాడు’ అంటే తిట్టు. ఈ అలవాటుతోనే ఇంగ్లీషుకు వెళ్ళిన మనవాడికి ‘డైడ్’ మొరటుగా తోస్తుంది. తాతగారి గురించి అంత మాట ఎలా అనడం అని ‘ఎక్స్‌పైర్డ్’ అని రాస్తాడు. ఆ అబ్బాయి మనసులో ఉన్నది గౌరవమే, అందులో సందేహం లేదు. కానీ అమెరికాలోనో బ్రిటన్‌లోనో చదివేవాళ్ళకు ఎక్స్‌పైర్ అయ్యేది లైసెన్సు, పాల ప్యాకెట్టు, పాస్‌పోర్టు. వాళ్ళకు ‘డైడ్’ అన్నది తిట్టూ కాదు, మొరటూ కాదు, ఉన్నదున్నట్టు చెప్పే నిండైన మాట. అమెరికా పత్రికలు అనుసరించే అసోసియేటెడ్ ప్రెస్ (ఏపీ) శైలి పుస్తకం ‘పాస్డ్ అవే’ లాంటి మెత్తని మాటల్ని వార్తలో వాడవద్దనీ, ‘డైడ్’ అనే రాయమనీ చెబుతుంది. దుఃఖంలో ఉన్న స్నేహితుడికి ఉత్తరం రాసేటప్పుడు ‘పాస్డ్ అవే’ బాగుంటుంది. ‘ఎక్స్‌పైర్డ్’ మాత్రం ఆ రెండు చోట్లా అతకదు.

మరి ఇంగ్లీషువాడు గౌరవం ఎక్కడ చూపిస్తాడు? ఒకప్పుడు వాళ్ళకూ మనలాగే నువ్వు, మీరు ఉండేవి. ‘దౌ’ అంటే నువ్వు, ‘యూ’ అంటే మీరు. పదిహేడో శతాబ్దం ముగిసేసరికి మామూలు వాడుకలోంచి ‘దౌ’ జారిపోయింది, చిన్నా పెద్దా అందరికీ ‘మీరు’ ఒక్కటే మిగిలింది. క్రియ చివర మనకున్న ‘అండి’, పేరు చివర మనకున్న ‘గారు’ వాళ్ళకు లేవు. దాంతో మర్యాద అంతా ‘కుడ్’, ‘వుడ్’, ‘మైట్’ లాంటి సహాయక క్రియల్లోకి చేరింది. ‘ఐ వాంట్’ అనకుండా ‘ఐ వాజ్ వండరింగ్’ అంటారు. కోరిక ఇప్పటిదే, క్రియ మాత్రం భూతకాలంలో ఉంది. ఆ వెనకడుగే మర్యాద. ఎదుటివాడు కాదనడానికి చోటు వదిలారన్నమాట.

ఈ మూడు వాక్యాలు పక్కపక్కన పెట్టి చూడండి. ‘సెండ్ మీ ద ఫైల్.’ ‘కైండ్లీ ఫర్నిష్ ద ఫైల్ ఇమ్మీడియట్లీ.’ ‘కుడ్ యూ సెండ్ మీ ద ఫైల్ టుడే?’ రెండోదానిలో ‘ఫర్నిష్’ అని ఫ్రెంచి పొర క్రియ ఉంది, ‘కైండ్లీ’ కూడా ఉంది. అయినా అది ఆజ్ఞే. మూడోదానిలో బడిపిల్లకు తెలియని మాట ఒక్కటి లేదు. మర్యాదంతా అందులోనే ఉంది. మన ఆఫీసుల్లో పెద్ద మాట వేస్తే పెద్దరికం ఇచ్చినట్టని ఒక నమ్మకం పాతుకుపోయింది. అది తెలుగు మర్యాదను ఇంగ్లీషు లాటిన్ మాటల మీద రుద్దడమే. ఉద్యోగంలో చేరిన కొత్త పిల్లలు ఈ ఒక్కటి గ్రహిస్తే, వాళ్ళ ఉత్తరాలు చిన్నవవుతాయి, చదివేవాళ్ళ మనసూ నొప్పించవు.

మన దేశంలో కొన్ని క్రియలకు సొంత అర్థాలు ఏర్పడ్డాయి. నేను వాటిని తప్పనను. కోట్ల మంది ఒకరికొకరు అర్థమయ్యేలా వాడుతున్నప్పుడు అది ఆ నేల ఇంగ్లీషు. ‘రివర్ట్’ అంటే మనకు జవాబివ్వడం, సింగపూర్, మలేసియా ఆఫీసుల్లోనూ అంతే. లండన్‌లో అది పాత స్థితికి తిరిగిపోవడం. ‘ఇంటిమేట్ చేయండి’ అంటే మనకు తెలియజేయమని, అక్కడ సూచనగా అనడం. ‘పాస్డ్ అవుట్’ అంటే మనకు డిగ్రీ పూర్తిచేయడం. సైనిక శిక్షణ ముగిసిన కేడెట్లకు ‘పాసింగ్ అవుట్ పరేడ్’ బ్రిటన్‌లోనూ జరుగుతుంది కాబట్టి, అది ఎక్కణ్ణుంచో ఊడిపడ్డ అర్థం కాదు. కాకపోతే డల్లాస్‌లో ఇంటర్వ్యూకి వెళ్ళిన మన కుర్రాడు ‘ఐ పాస్డ్ అవుట్ ఆఫ్ కాలేజ్’ అంటే, వినేవాడికి స్పృహ తప్పడమే ముందు తడుతుంది. ఎవరితో మాట్లాడుతున్నామో చూసుకుని క్రియను మార్చుకోవడం పిరికితనం కాదు, అది అవతలి మనిషి మీద ఉండాల్సిన శ్రద్ధ.

శాస్త్రవేత్తలు క్రియలను తూచి వాడతారు. 1953 ఏప్రిల్ 25న నేచర్ పత్రికలో డీఎన్ఏ నిర్మాణం గురించి వాట్సన్, క్రిక్ రాసిన వ్యాసం కేవలం పేజీ పైచిలుకు. జీవశాస్త్రాన్నే మార్చేసిన ఆ వ్యాసం మొదటి వాక్యంలోని క్రియ ‘సజెస్ట్’. కనిపెట్టాం అనలేదు, రుజువు చేశాం అనలేదు, సూచిస్తున్నాం అన్నారు. అది వట్టి వినయం అనుకుంటే పొరపాటు. అప్పటికి వాళ్ళ చేతిలో ఉన్నది ఒక నమూనా. దానికి బలమిచ్చే ఎక్స్‌రే ఆధారాలు అదే సంచికలో విల్కిన్స్ బృందం, రోజలిండ్ ఫ్రాంక్లిన్ బృందం విడిగా రాసిన వ్యాసాల్లో ఉన్నాయి. చేతిలో ఎంత ఆధారం ఉందో అంత బరువున్న క్రియ వేశారు. ‘సజెస్ట్’ కంటే ‘ఇండికేట్’ కాస్త గట్టిది, దానికంటే ‘షో’, ఆ పైన ‘డెమన్‌స్ట్రేట్’. ‘ప్రూవ్’ ఎక్కువగా గణితంవాళ్ళకు వదిలేస్తారు. ఆరోగ్య వార్త చదివేటప్పుడు మీరు ఈ మెట్లు గమనించండి. పరిశోధన వ్యాసంలో ‘సజెస్ట్’ అని ఉన్నది పత్రికకు ఎక్కేసరికి ‘తేలింది’ అయిపోతుంది, వాట్సాప్‌కు ఎక్కేసరికి ‘రుజువైంది’ అయిపోతుంది. పసుపుతో ఫలానా రోగం పోతుందని నమ్మి మందులు మానేసేవాళ్ళ కథల్లో చాలావాటికి మొదలు ఈ క్రియ మారడమే.

ఇంటర్నెట్ నడిపే ఇంజనీర్లు ఇంకో అడుగు ముందుకు వేశారు. కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడే పద్ధతులు రాసేటప్పుడు ‘మస్ట్’, ‘షుడ్’, ‘మే’ అనే మూడు క్రియలకు ఎవరికి తోచిన అర్థం వాళ్ళు చెప్పుకుంటే యంత్రాలు కలవవు. అందుకని 1997లో స్కాట్ బ్రాడ్నర్ ఒక చిన్న పత్రం రాశాడు. మస్ట్ అంటే తప్పదు. షుడ్ అంటే చేయాలి, గట్టి కారణం ఉంటే మానవచ్చు. మే అంటే నీ ఇష్టం. వాక్యాన్ని బట్టి అర్థం మారే స్వభావాన్ని ఆ మూడు మాటల్లోంచి పట్టుబట్టి తీసేశారు. చట్టాల్లో ‘షల్’, ‘మే’ గురించి మన కోర్టుల్లో నేటికీ వాదనలు నడుస్తుంటే, ఆ ఇంజనీర్ల ముందుచూపు నాకు ఎంతో నచ్చుతుంది.

క్రియ అర్థం ప్రాణాల మీదికి వచ్చిన రోజు కూడా ఉంది. ‘టేకాఫ్’ మీకు తెలిసిందే. చొక్కా టేకాఫ్ చేయడమంటే విప్పడం, వ్యాపారం టేకాఫ్ అవడమంటే ఊపందుకోవడం, విమానం టేకాఫ్ అవడమంటే ఎగరడం. 1977 మార్చి 27న కెనరీ దీవుల్లోని టెనెరిఫేలో, పొగమంచు కమ్మిన రన్‌వే మీద రెండు బోయింగ్ 747లు ఉన్నాయి. ఒకటి కేఎల్ఎం అనే విమాన సంస్థది, ఒకటి పాన్ యామ్ అనే విమాన సంస్థది. పక్క దీవి విమానాశ్రయంలో బాంబు పేలడంతో రెంటినీ ఇక్కడికి మళ్ళించారు. ఎగిరాక ఏ దారిన వెళ్ళాలో కంట్రోల్ టవర్ కేఎల్ఎంకు చెప్పింది. ఆ చెప్పడంలోనూ ‘టేకాఫ్’ అన్న మాట వచ్చింది. అది దారికి అనుమతే గానీ ఎగరడానికి కాదు. కేఎల్ఎం సహపైలట్ దాన్ని తిరిగి అప్పజెప్పి, చివర ‘వియ్ ఆర్ నౌ ఎట్ టేకాఫ్’ అన్నాడు.

మామూలు ఇంగ్లీషులో అలా అనరు. టవర్‌లోని మనిషి ఆ మాటను, ఎగిరే చోట సిద్ధంగా నిలబడ్డామని అర్థం చేసుకున్నాడు. అన్నవాళ్ళ ఉద్దేశం వేరు, అప్పటికే విమానం కదిలింది. టవర్ ‘ఓకే’ అని, ఆగమని కూడా అంది. అదే క్షణంలో తాము ఇంకా రన్‌వే మీదే ఉన్నామని పాన్ యామ్ చెప్పింది. రెండు మాటలూ రేడియోలో ఒకదాని మీద ఒకటి పడి కీచుమన్నాయి. కేఎల్ఎంకు స్పష్టంగా వినబడింది ‘ఓకే’ ఒక్కటే. 583 మంది చనిపోయారు. విమానయాన చరిత్రలో అంత ప్రాణనష్టం జరిగిన ప్రమాదం ఇంకొకటి లేదు. పొగమంచు, కెప్టెన్ తొందర, కిక్కిరిసిన విమానాశ్రయం, రేడియో గోల అన్నీ కారణాలే. కానీ ఒకరు కదలికగా అన్న క్రియను ఇంకొకరు స్థానంగా విన్నారన్నది వాటి మధ్యలో ఉంది.

ఆ తర్వాత నియమం మారింది. ఇవాళ శంషాబాద్‌లో గానీ గన్నవరంలో గానీ, విమానం ఎప్పుడు బయల్దేరుతుంది, ఎటు తిరగాలి, ఎంత ఎత్తుకు వెళ్ళాలి అని టవర్, పైలట్ మాట్లాడుకునేటప్పుడు ‘డిపార్చర్’ అనే అనాలి. రన్‌వే మీదికి వచ్చి నిలబడమంటే ‘లైన్ అప్ అండ్ వెయిట్’. ‘టేకాఫ్’ అన్న మాట టవర్ నోట రావాల్సింది రెండే సందర్భాల్లో, ఎగరడానికి అనుమతి ఇస్తున్నప్పుడు, ఇచ్చిన అనుమతిని రద్దు చేస్తున్నప్పుడు. అనుమతి అందుకున్న పైలట్ ‘ఓకే’ అంటే చెల్లదు. రన్‌వే నంబరుతో సహా ఆ మాటను తిరిగి చెప్పాలి.